నలభయ్యో గింజ

ఆ ఏడాది షోలవరం రన్‌వే మీద
మూలమలుపులన్నీ మూసేసి
సున్నం కొట్టిన తారు పీపాలు వరసగా పేర్చి
కోడిగుడ్డు ఆకారంలో ఒక దారి చుట్టారు.
బ్రేకు తొక్కే చోటే లేదు అందులో.
తొక్కినవాడు ఓడినట్టే.

మా మేనమామ మునికన్నయ్య
పుదుపేటలో ఏడు బండ్ల కళేబరాలు విప్పి
ఒక ఫియట్‌ను కూర్చాడు.
ఒక తలుపు నీలం, ఒకటి మీగడ రంగు.
డ్రైవరు సీటు మా ఇంటి పేము కుర్చీయే,
కాళ్లు కోసేసింది.
ఆ రోజు నుంచి మా తాత
అరుగు మీదే చతికిలబడి పేపరు చదివేవాడు,
మామతో మాట్లాడకుండా.

నడిపేది ఎతిరాజులు.
రాత్రిళ్లు సెంట్రల్ స్టేషన్ దగ్గర టాక్సీ తోలేవాడు.
పందేనికి ముందు బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుంటూ నాతో అన్నాడు:
"గాలికీ నీడ ఉంటుంది పాపా.
ముందు పోయేవాడు గాలిని చీలుస్తాడు,
ఆ చీలికలో దూరామా,
అద్దె లేని ఇల్లు!"

ముందు పోయేది కోయంబత్తూరు మిల్లువాళ్ల అబ్బాయి.
ఎర్ర బండి, కొత్త టైర్లు,
గొడుగు పట్టడానికి ఒక మనిషి.

నా పని లెక్క.
పావడా ఒళ్లో నలభై చింతగింజలు.
మా బండి నా ముందు నుంచి దూసుకుపోయినప్పుడల్లా
ఒకటి తీసి కొబ్బరిచిప్పలో వెయ్యాలి.
టక్.
మామ పలక మీద చెరిపి రాసి పైకెత్తుతాడు.
టక్.
మాసి నెల ఎండ. పీపాల మీద తారు కరిగి
నా మడమలకు అంటుకుంది.
చుట్టు చుట్టుకూ ఎర్ర బండి తోకకు
మా రెండు రంగుల బండి ముక్కు
జానెడు దూరంలో,
అమ్మ కొంగు పట్టుకున్న పిల్లాడిలా.

ముప్ఫయ్యొకటో చుట్టులో ఎవరిదో టైరు పేలింది.
బండి గడ్డిమోపుల్లోకి దూకింది.
గడ్డి, ఎర్రదుమ్ము, జనం కేకలు.
కళ్లు మూసుకున్నాను.
చీకట్లో ఏవో ఇంజన్లు పోయాయి.
ఒకటా? రెండా?
నా వేళ్లు గింజ వేశాయా?

దుమ్ము దిగేసరికి
ఎర్ర బండి వెనకే మళ్లీ మావాడు.
ఆ కాసేపూ తిరుగుతూనే ఉన్నాడా,
ఎక్కడైనా ఆగి మళ్లీ వచ్చి కలిశాడా,
మామ చూడలేదు.
పలక కింద పడి రెండు ముక్కలైంది, అవి ఏరుకుంటున్నాడు.

చివరి మలుపులో ఎతిరాజులు
అద్దె లేని ఇంట్లోంచి బయటికి అడుగేశాడు.
పక్కపక్కన రెండు బండ్లు.
మీగడ రంగు తలుపు ఊడి ఎగిరిపోయింది,
కుర్చీతో సహా మనిషి కనిపించాడు,
పళ్లు బిగించి, ఎవరినో తిడుతూ.
గీత దాటేటప్పుడు
బానెట్టంత ముందున్నాడు.

తర్వాత గొడవ.
ఒక కాగితం నలభై అంది, ఇంకోటి ముప్ఫై తొమ్మిది.
దుమ్ములో గుమాస్తాలూ లేచి నిలబడ్డారట.
టోపీ పెట్టుకున్న ఒకాయన నా ముందు గొంతుక్కూర్చుని
"నీ చిప్పలో ఎన్నున్నాయమ్మా?" అన్నాడు తమిళంలో, మెల్లగా.
ఎంచాను.
ముప్ఫై తొమ్మిది.
నలభయ్యోది నా గుప్పిట్లో
చెమటకు అతుక్కుని ఉంది.
వెయ్యడం మరిచిన చుట్టుదో,
అసలు తిరగని చుట్టుదో.

మామ నన్ను చూడలేదు.
అదే నన్ను పట్టేసింది.
చూసి ఉంటే నిజం చెప్పేదాన్నేమో.

చెయ్యి చిప్ప మీద పెట్టి వేళ్లు వదిలాను.
మైకులో ఎవరో అరుస్తున్నారు కాబట్టి
ఆ టక్ ఎవరికీ వినపడలేదు.
"నలభై," అన్నాను.

కప్పు చాలా చిన్నది,
అరసోల బియ్యం పట్టేది. తాతకు కొత్త కుర్చీ వచ్చింది,
ఆయన దాంట్లో ఒక్కరోజూ కూర్చోలేదు.

ఆ రాత్రి మమ్మల్ని ఇంటికి దింపుతూ
ఎర్రకొండల చెరువు దగ్గర ఎతిరాజులు అన్నాడు,
మామ నిద్రపోయాడని నిశ్చయం చేసుకుని:
"దుమ్ములో నేను ఆగానో సాగానో
నిజంగా నాకే తెలీదు పాపా.
నీకు తెలుసు కదా. లెక్క నీదే కదా."

వెనక సీట్లో నేను తలూపాను.
అద్దంలో చూశాడో లేదో.
బండి మాత్రం ఆ రాత్రి
ముప్ఫై మైళ్లు దాటనివ్వలేదు.